నాలుగో తాడు

పెట్టు రెమోల్కోయ్, ఆ బల్ల మీద బోర్లా పెట్టు.
ముందు వాన తుడువు.
తడి కంచు అన్ని దెబ్బల్నీ నున్నగా చూపిస్తుంది.
నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని మాతే తాగు,
కాసేపు మాట్లాడకు.

చిన్న సుత్తితో తడతాను.
మొదటి రెక్క గంటలా పలికింది. రెండోదీ అంతే.
మూడోది చెక్క చప్పుడు చేసింది.
ఎక్కడో వెంట్రుకంత బీట.

పోయిన మార్చిలో ఇదే గడపలో నిలబడి ఏమన్నావు?
"వాలు పెంచు ఎర్మిందా,
దాల్కావే రేవుకి నా ఆల్చిప్పలే ముందు చేరాలి."
చెప్పాను. చెవిన పెట్టావా?
చుట్టుకి పద్దెనిమిది అంగుళాలు దూకే రెక్క ఇది,
ఇరవై రెండు దూకమంటే దూకుతుంది,
పడవ ఖాళీగా ఉన్నంతసేపూ.
బరువెక్కిందా, ఇంజనుకి ఆయాసం,
పొగగొట్టంలో నల్లటి దగ్గు.
మరీ తగ్గిస్తే అదింకో రోగం,
ఇంజను గీపెడుతుంది, గట్టు మాత్రం కదలదు.
నీళ్లు కర్ర కాదయ్యా
మరమేకు దిగినట్టు దిగడానికి.
ప్రతి చుట్టులో కొంత జారిపోతుంది,
ఆ జారేది లెక్కేసుకునే బేరమాడాలి.

ఇటు చూడు. రెక్క మొదట్లో నిటారు,
కొసకొచ్చేసరికి దాదాపు పడుకుంది.
యాపిల్ తొక్క తీస్తూ చెప్పాడు మా నాన్న, నాకు తొమ్మిదేళ్లప్పుడు:
ఇరుసు పక్కది చిన్న చుట్టే తిరిగి
పద్దెనిమిదీ ఎక్కాలి, అందుకని నిచ్చెనెక్కినట్టు ఎక్కుతుంది.
కొసది ఊరంతా తిరిగొచ్చి అదే ఎత్తు ఎక్కాలి,
అందుకని వాలుగా, తాపీగా.
తాపీ అన్నాను గానీ, అన్నిటికంటే వేగం దానిదే.
రెండూ ఒకేసారి చేరాలి.
చేరకపోతే రెక్క తనతో తనే కొట్లాడుకుంటుంది,
ఆ కొట్లాట నీ అరికాళ్లకి తెలుస్తుంది, చెక్కలోంచి.

ఇప్పుడు వీపు వైపు.
స్ఫోటకం మచ్చలు!
రాయి ఇలా చెయ్యదు, రాయి అంచుని మడుస్తుంది.
ఇది నీటి పని.
రెక్క శక్తికి మించి లాగితే
దాని వీపు మీద నీళ్లు చల్లగానే మరుగుతాయి.
బుడగలు పుడతాయి, చితుకుతాయి,
చితికిన ప్రతిదీ చీమ తలంత కంచు కొరుక్కుపోతుంది.
గంటలకొద్దీ ఉన్నచోటే తిరిగితే తప్ప ఇంత తినదు.
నువ్వు చెప్పింది మూడు టన్నుల ఆల్చిప్పలు.
ఏం లాగావు, రెమోల్కోయ్?

ఇల్లా?

ఎవరి...
సరే, చెప్పక్కర్లేదు.
చెలిన్ నుంచి కెహుయికి పోయిన నెల
తేలుతూ వెళ్లింది ఒక్క ఇల్లే.
కిటికీ పరదాలైనా తియ్యకుండా,
నడుముకి ఖాళీ పీపాలు కట్టుకుని, పోటు మీద,
ఓటీలియా ఇల్లు, కొత్త మొగుడి దీవికి.
ఆ గోడల చెక్క పెంకులు నీ చేత్తో కొట్టినవే.
మూడు పడవల్ని పిలిచామన్నారు.
పొగమంచులో నాలుగో తాడు కనిపించింది నాకు,
అందరికంటే వెనక.
ఎవరో చుట్టం అనుకున్నాను.

వేగానికి వంచిన రెక్కతో ఇల్లు లాగడం
నేల విడిచి సాము.
ఆరు గంటలూ నీళ్లని గిలక్కొట్టి ఉంటావు.
నీ తాడు వల్ల ఆ ఇల్లు జానెడైనా జరిగిందో లేదో
నేను చెప్పలేను,
నా కొలబద్ద కంచు మీదే పనిచేస్తుంది.

బీట అతుకుతాను. మచ్చలు పూడుస్తాను.
మూడు రెక్కలూ పద్దెనిమిదికి దించుతాను,
నిండుగా తిరిగొచ్చే పడవకి పనికొచ్చేది అదే.
నిండుగా వస్తావా అని అడగను.
డబ్బు తర్వాత చూద్దాం.
ఆ సుత్తి ఇలా అందుకో.
పెద్దది కాదు.